వదులైన ఫ్రీవీలు

మన గ్రామసీమలలో పాలక్యానులను, గడ్డిమోపులను, బడిపిల్లలను సమానముగా మోసిన ఆ నల్లని బరువైన సైకిళ్లు, 1949లో నెలకొన్న టి.ఐ. సంస్థవారు మద్రాసు శివారు అంబత్తూరులో చేసినవైనను, 1951లో సోనీపత్‌లో వెలసిన అట్లాసువారివైనను, 1956లో లూధియానాలో ఆరంభమైన హీరోవారివైనను, నిర్మాణమున ఒక్క వంశమునకు చెందినవే. అవి ఒక తరమును దాటి రెండవ తరమువారి చేతికి వచ్చుట వింత గాదు. అట్టి సైకిలు వెనుక చక్రమునందలి పండ్ల బిళ్ళ, అనగా ఫ్రీవీలు, ఊగులాడుచున్నదని యజమాని గమనించిననాడు తఱచుగా జరుగునది రెండింటిలో నొకటి: దుకాణమునకు పోయి క్రొత్తది వేయించుట, లేదా సుత్తియు ఉలియు తెచ్చి ఉన్నదానినే ఎట్లో బిగింప యత్నించుట. ఈ రెండింటికంటె ముందు చేయవలసిన పని, వదులెక్కడ నున్నదో నిర్ణయించుట. ఏలన, కంటికి ఒక్కటిగానే తోచు ఈ యూగులాట మూడు వేర్వేరు తావులలో పుట్టగలదు. ఒక్కొక్కదానికి చికిత్స వేఱు. వానిలో నొకటి చాలవఱకు దోషమే కాదు.

ఫ్రీవీలు పైకి ఒకే ఇనుప బిళ్ళగా కనబడినను లోపల రెండు వలయములు. లోవలయము హబ్బుమీది మరలకు బిగియును. వెలివలయముపై చైను నెక్కు పండ్లుండును, మన సైకిళ్లలో సాధారణముగా 18. రెంటి నడుమ, దుకాణములవారు బాల్సు అను సన్నని ఉక్కుగుండ్లు, అంగుళములో ఎనిమిదవ వంతు వ్యాసము గలవి, రెండు వరుసలుగా నుండును. పెడలు త్రొక్కినప్పుడు, స్ప్రింగుల యొత్తిడిచే లేచిన చిన్న ఇనుప నాలుకలు వెలివలయపు లోగాట్లలో పడి రెండు వలయములను ఏకముగా బంధించును. త్రొక్కుట మానినప్పుడు అవే గాట్లమీదుగా జారుచు, పల్లమున దిగు సైకిలుకు సహజమైన ఆ టకటక ధ్వనిని పుట్టించును. ఇందొక మేలైన సూక్ష్మము కలదు. త్రొక్కునంతసేపును వలయములు రెండును కలిసియే తిరుగును గనుక నడుమ గుండ్లు దొర్లనే దొర్లవు. అవి దొర్లునది సైకిలు తనంత తాను సాగిపోవునప్పుడే, అప్పుడు చైను లాగుడు వానిపై నుండదు. కావున ఫ్రీవీలులోని స్వల్పమైన వదులు నడకకు హాని చేయదు. క్రొత్తదానియందును అది కొంత యుండును. తిరుగునప్పుడు పండ్లు ఒకింత అటునిటు తూగుటయు నట్టిదే. దానిని చూచి కలతపడి డబ్బు వ్యయము చేయ నక్కరలేదు.

పరీక్షకు విశేష సాధనము లేవియు వలదు. సైకిలును గోనెపట్టాపై తలక్రిందుగా నిలిపి, వెనుక రిమ్మును పట్టి ఇరుప్రక్కలకు మెల్లగా ఊపి చూడుడు. రిమ్ముతోపాటు హబ్బును ఫ్రీవీలును సర్వమును కదలినచో దోషము ఇరుసుది: కోను సడలినదో, గుండ్లు అరిగినవో, ఒక్కొక్కప్పుడు ఇరుసే విరిగినదో. విరిగిన ఇరుసు ఇరువైపుల నట్ల పట్టున నిలిచి, బైటికి తెలియకయే కొంతకాలము నడచుటయు కలదు. రిమ్ము స్థిరముగా నుండి, వ్రేళ్లతో ఊపినప్పుడు పండ్ల వలయము మాత్రమే కదలినచో ఆ వదులు ఫ్రీవీలు లోపలిది. మూడవది హబ్బు మరలు తెగిపోవుట. అప్పుడు పెడలు త్రొక్కినను చైను తిరుగునే గాని చక్రము కదలదు. నాలుకలు జిడ్డులో అంటుకొని లేవనప్పుడును ఇదే లక్షణము కనబడును గనుక, రెంటిని వేఱుపఱచుటకు సుద్దముక్క చాలును. లోవలయపు ముఖముపై నొక గుఱుతు, దానికి సూటిగా నున్న పుల్లపై నొక గుఱుతు పెట్టి, చక్రము నొకరు గట్టిగా పట్టుకొనగా మఱియొకరు పెడలు నొత్తవలెను. గుఱుతులు తొలగిపోయినచో మరలు చెడినవి. అవి చలింపక పండ్లు మాత్రమే జారినచో నాలుకలు పనిచేయుట లేదు.

నాలుకలకు వైద్యము సులభము. వలయముల సందున కిరసనాయిలు పోసి, పండ్లను వెనుకకు త్రిప్పుచు నల్లని మురికి పోవువఱకు కడిగి, ఆరిన పిమ్మట పలుచని నూనె నాలుగు చుక్కలు వేసిన చాలును. గ్రీజు దట్టించుట తగదు; నాలుకలను మరల అంటించునది అదియే. ఇరుసు వదులైనచో ఎడమవైపు లాక్‌నట్టును సడలించి, పలుచని కోను పానాతో వదులు పోవువఱకు బిగించి, చక్రము స్వేచ్ఛగా తిరుగునట్లు ఇసుమంత వెనుకకు త్రిప్పి, లాక్‌నట్టును బిగింపవలెను. విప్పినప్పుడు ప్రక్కకు 9 చొప్పున పావంగుళపు గుండ్లున్నవో లేవో లెక్కించుట మంచిది.

ఫ్రీవీలు లోపలి వదులు హద్దు మీఱి, చైను తప్పిపోవు స్థితి వచ్చినప్పుడే దానిని విప్పవలెను. దాని ముఖమున రెండు చిన్న రంధ్రములు గల మూతవలయము కనబడును. ఇది ఎడమ మర: సామాన్యమైన మరలు బిగియు దిక్కున ఇది విడును, అవి విడు దిక్కున ఇది బిగియును. ఈ యొక్క సంగతి యెఱుగకయే ఎన్నో మంచి ఫ్రీవీళ్లు సుత్తిదెబ్బలకు బలియైనవి. రంధ్రమున మొద్దుమేకు నానించి, గడియారపు ముల్లు నడచు దిక్కున తట్టిన మూత వదలును. ఫ్రీవీలు చక్రమునకు బిగిసియున్నప్పుడే ఈ పని తేలిక. క్రింద బట్ట పఱచుకొనుడు; చెదరిన గుండ్లు దొరకుట కష్టము. మూతక్రింద కాగితమంత పలుచని రేకువలయము లుండును. వానిలో నొకదానిని తొలగించి మూతను బిగించినచో అంతమేర వదులు తగ్గును. ఒక్కసారిగా రెండు మూడు తీసినచో గుండ్లు పట్టివేసి, త్రొక్కుట మానినప్పుడు చైను పైభాగము వ్రేలాడును.

గేర్ల సైకిళ్లలో, పండ్ల బిళ్ళలు గాళ్లపై పేర్చి కొసను మూతనట్టుతో బిగించిన ఏర్పాటున్నచో, అవి గలగలలాడుటకు ఆ నట్టు సడలుటయో, నడుమ వలయ మొకటి పెట్ట మఱచుటయో సాధారణ కారణము.

మరలు తెగిన హబ్బును గూర్చి నా యభిప్రాయము స్పష్టముగా చెప్పెదను. ఫ్రీవీలును హబ్బునకు వెల్డింగు చేయించుట తగదు. ఆ వేడికి లోని గ్రీజు కాలిపోవును, మరల విప్ప శక్యము గాదు. హబ్బును మార్చి వెనుక చక్రపు 40 పుల్లలను క్రొత్తగా అల్లించుటయే సరియైన మార్గము. అది నేర్పరి చేతిపని, అడిగిన కూలికి తగినది. ఆ యవస్థ రాకుండవలెనన్న, క్రొత్త ఫ్రీవీలు ఎక్కించునప్పుడే జాగ్రత్త వలయును. అంగుళమునకు 24 చుట్లు గల ఆ సన్నని మరకు గ్రీజు పూసి, మొదట వట్టి చేతితోనే త్రిప్పవలెను. తొలి చుట్లు చేతికి లొంగనిచో వంకరగా పట్టినదని తెలిసి, వెనుకకు తీసి మరల ఎక్కింపవలెను. ఆ పైన సుత్తితో పనిలేదు, పెడలుపై మనము మోపు బలమే దానిని బిగించును. ఏండ్ల తరబడి నడచినదానిని విప్పుట అంత కష్టమగుటకును కారణ మదియే.

ఫ్రీవీలు మార్పించువారు చైనును కూడ కొలిపింపుడు. క్రొత్త చైనులో 24 లింకుల పొడవు, పిన్ను నడుమనుండి పిన్ను నడుమకు, సరిగా 12 అంగుళములు. అది అంగుళములో ఎనిమిదవ వంతు సాగియున్నచో క్రొత్త పండ్లను కూడ త్వరలోనే అరగదీయును గనుక, రెంటిని ఒకేసారి మార్పించుకొనుడు.