వెల్లడింపవలసినది - దాచవలసినది

ఒక పట్టణమున పదిమంది కలసి నూనెమిల్లు పెట్టదలచిరనుకొందము. స్థలమునకు, కట్టడమునకు, యంత్రములకు పెద్ద మొత్తము కావలెను. అంత ధనము వారి చేతిలో లేదు. అప్పుడు వారు కావలసిన పెట్టుబడిని చిన్న చిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు వెల నిర్ణయించి, ఇతరులకు అమ్మవచ్చును. ఈ భాగములనే వాటాలు లేక షేర్లు అందురు. వాటా కొన్నవాడు ఆ మేరకు మిల్లునకు యజమాని యగును. లాభము వచ్చినచో అందులో పాలు పొందును. నష్టము వచ్చినచో అతని సొమ్ము తరిగిపోవును. ఇట్టి వాటాలను, సంస్థలు అప్పు తీసికొనునపుడు ఇచ్చు ఋణపత్రములను, ఇట్టివే మరికొన్నింటిని కలిపి సెక్యూరిటీలని వ్యవహరింతురు.

మిల్లు ఊరిలోనే యున్నచో వాటాదారు స్వయముగా పోయి చూడవచ్చును. యంత్రము తిరుగుచున్నదా, గిడ్డంగిలో గింజలున్నవా యని తెలిసికొనవచ్చును. కాని నేటి పెద్ద సంస్థలకు లక్షలాది వాటాదారులు కలరు. వారిలో అనేకులు సంస్థ ముఖద్వారమునైనను చూచి యెరుగరు. సంస్థ ప్రకటించు లెక్కలే వారికి కన్నులు. ఆ లెక్కలు అబద్ధములైనచో వారు కన్నులుండియు గ్రుడ్డివారే యగుదురు. కావున సంస్థ తన స్థితిని దాచక అందరికిని ఒకేసారి వెల్లడింపవలెను.

దీనికి రెండవ ప్రక్క యొకటి కలదు. వాటా కొనువాడు తన పేరు, చిరునామా, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆదాయపు పన్ను ఖాతా సంఖ్య మొదలగు వివరములను దళారికి అప్పగించును. ఇవి నమ్మి యిచ్చిన వివరములు. వీనిని పరులకు తెలియనీయక కాపాడవలెను. సంస్థ విషయము వెల్లడింపవలసినది. వ్యక్తి విషయము దాచవలసినది. ఈ రెండు ధర్మములను కాపాడుటకే చట్టము లేర్పడినవి.

మన దేశమున వాటాల వ్యాపారమునకు బొంబాయి పుట్టినిల్లు. 1850 ప్రాంతమున అచటి టౌన్‌హాలు ఎదుటనున్న మఱ్ఱిచెట్ల క్రింద దళారులు గుమిగూడి బేరములు చేయుచుండిరి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము ఆరంభము కాగా అచటినుండి ఇంగ్లండునకు ప్రత్తి రాక తగ్గిపోయెను. మన ప్రత్తికి గిరాకి హెచ్చి బొంబాయికి ధనము వరదవలె వచ్చెను. ఆ ధనముతో లెక్కకు మిక్కిలిగా కంపెనీలు వెలసినవి. వాని పనియేమో, ఆస్తియేమో విచారింపకయే జనులు వాటాలు కొనిరి. 1865లో యుద్ధము ముగియగానే ప్రత్తి ధర పడిపోయెను. దానితోపాటు వాటాల వెలలును కూలినవి. ఎందరో దివాలా తీసిరి. పిమ్మట 1875లో దళారులు ఒక సంఘముగా ఏర్పడిరి. అదియే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి మూలము.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1956లో సెక్యూరిటీల ఒప్పందములను క్రమబద్ధము చేయు చట్టము వచ్చెను. 1988లో 'సెబీ' యను మండలిని కేంద్రప్రభుత్వము నెలకొల్పెను. మొదట దానికి చట్టబద్ధమైన అధికారము లేదు. 1992 జనవరిలో ఆర్డినెన్సు ద్వారమునను, తరువాత పార్లమెంటు చేసిన చట్టము ద్వారమునను ఆ అధికారము లభించెను. మదుపుదారుల మేలును కాపాడుట, విపణిని పెంపొందించుట, దానిని అదుపులో నుంచుట అను మూడును దాని విధులు.

ఆ సంవత్సరముననే ఈ మండలి యావశ్యకత దేశమునకు స్పష్టమయ్యెను. బ్యాంకులు తమలో తాము ప్రభుత్వ ఋణపత్రములను కొని అమ్ముకొనునపుడు దళారులు మధ్యవర్తులుగా నుండిరి. పత్రములకు బదులుగా రసీదులు చేతులు మారుచుండెడివి. కొన్ని రసీదుల వెనుక పత్రములే లేవు. ఈ విధముగా చేజిక్కిన బ్యాంకుల సొమ్మును హర్షద్ మెహతా మొదలగు దళారులు వాటాల విపణిలోనికి మళ్ళించిరి. వెలలు ఆకాశమునంటెను. 1992 ఏప్రిలులో ఈ గుట్టు పత్రికాముఖమున బయటపడగా వెలలు దిగజారి, ఆశతో చేరిన చిన్న మదుపుదారులు పెక్కుమంది నష్టపోయిరి.

ఆ కాలమున వాటాలు కాగితపు పత్రములుగా నుండెడివి. అవి పోవుట, చినుగుట, దొంగపత్రములు పుట్టుట సామాన్యము. 1996లో డిపాజిటరీల చట్టము వచ్చిన తరువాత వాటాలు కంప్యూటరులోని పద్దులుగా మారసాగెను. ఆ పద్దులుండు ఖాతాయే డీమాట్ ఖాతా.

అయినను లెక్కలు వ్రాయు చేతికి నిజాయితీ లేనప్పుడు కంప్యూటరు మాత్రము ఏమి చేయగలదు? హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్స్ సంస్థ కథయే దీనికి నిదర్శనము. 1987లో స్థాపింపబడిన ఈ సంస్థ దేశవిదేశములలో పేరుగాంచెను. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు సంస్థ లెక్కలలో చూపిన సొమ్ములో సుమారు 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని లేఖద్వారా ఒప్పుకొనెను. ఆ యొక్కదినముననే వాటా వెల మూడు వంతులకు పైగా పడిపోయెను. ప్రభుత్వము క్రొత్త సంచాలకులను నియమించి సంస్థను నిలబెట్టెను. ఆ ఏప్రిలులోనే టెక్ మహీంద్రా దానిని స్వీకరించుటకు ఎంపికయ్యెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించెను. వారు పై న్యాయస్థానమునకు అప్పీలు చేసికొనిరి. ఈ అనుభవము తరువాత వచ్చిన 2013 నాటి కంపెనీల చట్టము లెక్కలు తనిఖీచేయు ఆడిటర్లను నియతకాలమున మార్చవలెనని పెద్ద సంస్థలను శాసించెను.

అబద్ధము చెప్పుట యొక నేరము. నిజమును కొందరికే ముందుగా చెప్పుట మరియొక నేరము. ఒక సంస్థకు విశేష లాభము వచ్చినదనుకొందము. అది ప్రకటింపకముందే తెలిసికొన్న ఉద్యోగి తన బంధువుచేత వాటాలు కొనిపించినచో, ఏమియు తెలియక అమ్మినవాడు మోసపోయినవాడగును. దీనిని లోపలివారి వ్యాపారమందురు. దీనిని నిషేధించుచు సెబీ 1992లోను, మరల 2015లోను నియమావళులు చేసెను. ప్రకటింపని రహస్యము ఎవరెవరికి తెలిసినదో సంస్థలు పేర్లతో నమోదు చేసి యుంచవలెను. గోడలకు చెవులుండును గనుక, ఆ చెవులెవరివో పిమ్మట తెలియుట కీ యేర్పాటు.

ఇక వ్యక్తుల వివరముల మాట. పూర్వము దొంగ కన్నము వేసి వచ్చెడివాడు. నేటి దొంగకు కన్నముతో పనిలేదు. ఇతరుని ఖాతా సంఖ్యయు, రహస్యపదమును దొరకిన చాలును. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన వ్యాజ్యమున, వ్యక్తిగత గోప్యత పౌరుల ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టమును చేసెను. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, దశలవారిగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటయ్యెను.

ఈ చట్టము ప్రకారము వివరములు సేకరించువారు అవి ఏ పనికో స్పష్టముగా చెప్పి సమ్మతి పొందవలెను. ఒక పనికి తీసికొన్నవానిని వేరొకపనికి వాడరాదు. తప్పులను దిద్దుమనుటకును, పని తీరిన పిదప తొలగింపుమనుటకును పౌరునకు హక్కు కలదు. వివరములు బయటికి పొక్కినచో సంబంధించిన వ్యక్తికిని, డేటా పరిరక్షణ మండలికిని తెలుపవలెను. రక్షణలో ఏమరుపాటునకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములకు తల్లిదండ్రుల లేక సంరక్షకుల సమ్మతి కావలెను.

ఇచట ఒక చిక్కు కలదు. ఖాతాదారు తన ఖాతాను మూసివేసి, వివరములన్నియు తుడిచివేయుమని దళారిని కోరెననుకొందము. అక్రమధన నిరోధక చట్టము ఆ వివరములను ఖాతా మూసిన తరువాత అయిదేండ్లు భద్రపరుపుమనును. దళారి ఏ మాట వినవలెను? మరియొక చట్టము ఉంచుమనిన వివరములను ఆ గడువు వరకు ఉంచవచ్చునని 2023 చట్టమే అనుమతించెను. అయితే ఆ గడువులో వానిని భద్రముగా నుంచు బాధ్యత తొలగదు. 2024 ఆగస్టులో సెబీయు తన అదుపులోని సంస్థలన్నిటికిని సైబర్ రక్షణ నియమావళిని నిర్దేశించెను.

చట్టములెన్ని యున్నను పౌరుడు మెలకువగా నుండనిచో ప్రయోజనము లేదు. సెబీలో నమోదు కాని వ్యక్తికి సొమ్మిచ్చుటయు, ఫోనులో అడిగినవానికి రహస్యసంఖ్య చెప్పుటయు, చదువక సమ్మతి తెలుపుటయు చేజేతుల తలుపు తెరచి యుంచుటయే. స్వల్పకాలమున ధనము రెట్టింపగునని ఆశ చూపువానిని శంకింపవలెను. సంస్థను లెక్కలు చూపుమని అడుగుటయు, తన వివరములను కాపాడుకొనుటయు పౌరుని హక్కులు. హక్కు నెరిగినవానికే చట్టము తోడ్పడును.