రెండు నెలల కొలువు, తరాల సమాధి

మధ్యయుగంలో ఇటలీలోని ఫ్లారెన్సు నగరాన్ని ఏలిన మండలి సభ్యులకు పదవీకాలం ఎంతో తెలుసా? రెండే నెలలు! 1293 నాటి శాసనం పెద్ద వంశాలకు ఆ కొలువూ లేకుండా చేసింది. బ్యాంకుదారులైన బార్డీలు అలా బయట ఉండిపోయారు. వారి సాటి వ్యాపారులు పెరుజ్జీలు మాత్రం పలుమార్లు ఆ పదవిలో కూర్చున్నారు.

ఇక శాంతా క్రోచే చర్చికి వెళ్ళి చూడండి. చర్చి లోపలే గదుల్లాంటి చిన్న ప్రార్థనా మందిరాలుంటాయి. ఖర్చు భరించిన కుటుంబానికి అక్కడ సమాధి హక్కు, చనిపోయినవారి పేర ప్రార్థనలు. బార్డీల మందిరం, పెరుజ్జీల మందిరం పక్కపక్కనే. రెండింటి గోడల మీదా జొట్టో చిత్రాలే. పదవి దక్కని బార్డీలదే ప్రధాన బలిపీఠానికి దగ్గర! డబ్బు మహిమ మరి.

1340లలో రెండు బ్యాంకులూ దివాలా తీశాయి. 18వ శతాబ్దంలో బొమ్మల మీద సున్నం కొట్టేశారు. తర్వాతి శతాబ్దంలో గీకి తీశారు. మందిరాలకు ఆ ఇంటిపేర్లే ఇప్పటికీ ఉన్నాయి.