సుమేరియన్లా మజాకా!

మీకు తెలుసా? మనిషి రాత కనిపెట్టింది ప్రేమలేఖ కోసం కాదు, దేవుడి దండకం కోసమూ కాదు. గొర్రెలూ బార్లీ బీరూ లెక్క తప్పకుండా ఉండటానికి! సుమారు క్రీ.పూ. 3300లో, ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో ఉన్న సుమేరియన్ల ఉరుక్ నగరంలో మొదలైంది ఈ వ్యవహారం. అక్కడి తొలి మట్టి పలకల్లో పదింటికి ఎనిమిదికి పైగా ఉత్త పద్దులే. కథలూ స్తోత్రాలూ రాయాలని తోచడానికి ఇంకో ఏడెనిమిది వందల ఏళ్లు పట్టింది. అకౌంటెంట్లూ, కాలర్ ఎగరేయండి. కవులూ, వరసలో వెనక్కి జరగండి! (ఈజిప్టు వాళ్లు "మేమూ అప్పుడే" అంటారు. ఆ పేచీ వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు.)

మీకు తెలుసా? చరిత్రలో రాతకెక్కిన తొలి పేర్లలో ఒకటి రాజుదీ కాదు, వీరుడిదీ కాదు. ఒక కరణం గారిది! పేరు కుషిమ్. పలక మీద ఉన్నది ఇంతే: 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, కుషిమ్. అది మనిషి పేరా, ఉద్యోగం పేరా అని పండితులు ఇంకా తగువులాడుకుంటున్నారు. ఎవరైతేనేం, అయిదు వేల ఏళ్లు దాటినా ఆయన పద్దు మూతపడలేదు.

ఇల్లు తగలబడితే పుస్తకాలు బూడిద. సుమేరియన్ పలకలో? నిప్పు తగిలితే కాలి మరింత గట్టిపడతాయి! శత్రువులు వచ్చి ఊరు తగలబెట్టి పోయారు, చరిత్రకారులకు గ్రంథాలయం మిగిల్చి పోయారు.

వాళ్ల కవర్లు కూడా మట్టివే! ఒప్పందం పలక మీద రాసేవారు. దాని చుట్టూ మట్టితో ఇంకో పొర వేసి, అదే ఒప్పందం పైన మళ్లీ రాసేవారు. పై రాత మీద తగాదా వచ్చిందా, కవరు పగలగొట్టి లోపలిది చూడటమే. ఫోర్జరీ చేసేవాడికి సుత్తి కూడా కావాలన్నమాట.

మీకు తెలుసా? సుమేరియన్ బడి కథ ఒకటి ఉంది. ఇరవైకి పైగా ప్రతులు దొరికాయంటే అప్పట్లో ఎంత హిట్టో చూడండి. అందులో కుర్రాడు బడికెళ్తాడు. మాట్లాడినందుకు దెబ్బ. లేచి నిలబడినందుకు దెబ్బ. గేటు దాటినందుకు దెబ్బ. దస్తూరీ బాగాలేదని దెబ్బ. సుమేరియన్‌లో మాట్లాడలేదని మరో దెబ్బ! ఒక్కో నేరానికి ఒక్కో అధికారి, చేతిలో బెత్తం. ఇంటికొచ్చి కుర్రాడు నాన్నకు ఒక ఉపాయం చెబుతాడు: పంతులు గారిని భోజనానికి పిలుద్దాం. పిలుస్తారు. పెద్ద కుర్చీలో కూర్చోబెడతారు. మద్యం పోస్తారు, కొత్త బట్టలు పెడతారు, వేలికి ఉంగరం తొడుగుతారు. అంతే! నిన్నటి మొద్దబ్బాయి ఒక్క పూటలో మహా మేధావి, అన్నదమ్ములందరిలోకీ మొనగాడు. ఇది దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి కథ. ట్యూషన్ ఫీజు అనే మాట పుట్టకముందే ట్యూషన్ ఫీజు పుట్టిందనుకోండి.

ఆ పిల్లల కోపం కూడా పలకల మీదే ఉంది. నిప్పుర్ నగరంలో దొరికిన ఒక బడి పలక మీద పళ్ల గాట్లు! పన్నెండు, పదమూడేళ్ల వాడెవడో కసిదీరా కొరికాడు. హోంవర్కు కుక్క తినేసిందని చెప్పే కాలం కాదది, స్వయంగా తినాల్సిందే.

సిలబస్ మారదని ఏడ్చే విద్యార్థులకు ఊరట. క్రీ.పూ. 3200 ప్రాంతంలో ఉద్యోగాల పేర్ల జాబితా ఒకటి తయారైంది. దాన్ని వెయ్యేళ్లకు పైగా బడి పిల్లలు చూసి రాస్తూనే ఉన్నారు. అందులో చాలా ఉద్యోగాలు ఎప్పుడో మాయమయ్యాయి. అయినా పరీక్షకు వస్తాయి కదా!

మీకు తెలుసా? సుమేరియన్ రాజుల జాబితా ప్రకారం మొట్టమొదటి రాజు అలులిమ్ 28,800 ఏళ్లు పాలించాడు. ఆగండి, తర్వాతాయన 36,000! జలప్రళయానికి ముందు ఎనిమిదిమంది రాజులు, మొత్తం పాలన 2,41,200 ఏళ్లు. కాలిక్యులేటర్ తీయండి: అది 3,600తో శేషం లేకుండా భాగమవుతుంది. ప్రళయం తర్వాత ఆయుష్షు పడిపోయింది పాపం. గిల్గమెష్ 126 ఏళ్లతోనే సరిపెట్టుకున్నాడు.

అదే జాబితాలో కిష్ నగరాన్ని నూరేళ్లు ఏలిన కుబాబ అనే రాణి ఉంది. సింహాసనం ఎక్కకముందు ఆవిడ వృత్తి? బీరు కొట్టు! ఓటర్లకు మద్యం పోయడం కాదు, మద్యం పోసిన చెయ్యే రాజ్యమేలింది.

బీరంటే గుర్తొచ్చింది. వాళ్లు బీరు కుండ చుట్టూ కూర్చుని పొడవాటి గొట్టాలతో పీల్చేవారు. పైన తేలే పొట్టు నోట్లోకి రాకుండా. బీరుకు నింకాసి అని ఒక దేవత, ఆవిడ మీద స్తోత్రం. ఆ స్తోత్రం చదివితే బీరు ఎలా కాయాలో కూడా తెలుస్తుంది. పుణ్యమూ పురుషార్థమూ!

మీకు తెలుసా? పేరు తెలిసిన మొట్టమొదటి రచయిత ఒక స్త్రీ. ఎన్‌హెదువన్న, అక్కాద్ చక్రవర్తి సర్గోన్ కూతురు, ఉర్ నగరంలో చంద్రదేవుడి ప్రధాన పూజారిణి. క్రీ.పూ. 2300 ప్రాంతం. హోమర్‌కు పదిహేను వందల ఏళ్ల పెద్దక్క!

ఉర్ రాజు షుల్గి తన గురించి రాయించుకున్న స్తోత్రంలో ఉర్ నుంచి నిప్పుర్‌కూ, అక్కణ్నుంచి మళ్లీ ఉర్‌కూ ఒక్క రోజులో పరుగెత్తానన్నాడు. ఒక్కో వైపు సుమారు 150 కిలోమీటర్లు. పైగా వడగళ్ల వానలో! ఆ రోజు స్టాప్‌వాచ్ పట్టుకున్నది ఆస్థాన కవేనని మా అనుమానం.

ప్రపంచంలో అతి పాత జోకు ఏది? 2008లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హ్యాంప్టన్ విశ్వవిద్యాలయం వెతికి తేల్చింది: సుమారు క్రీ.పూ. 1900 నాటి సుమేరియన్ సామెత. విషయం? పడుచు పెళ్లాం, మొగుడి ఒడి, అపానవాయువు. ఇంతకంటే వివరంగా చెప్పం, భోజనాల వేళ.

మీ గడియారం చూడండి. గంటకు 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు, వృత్తానికి 360 డిగ్రీలు. అరవైతో లెక్కపెట్టే సుమేరియన్ల అలవాటు ఇంకా మన చేతికి కట్టుకుని తిరుగుతున్నాం. "మన ప్రభవ, విభవలు కూడా అరవయ్యే కదా!" అని ఎగరకండి. ఆ అరవైకి చుట్టం బృహస్పతి.

మనకు నిజమైన చుట్టరికం వేరే ఉంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నాలుగు వేల ఏళ్లు దాటిన ఒక ముద్ర ఉంది. షు-ఇలిషు అనే పెద్దమనిషిది. హోదా: మెలుహ్హా భాష దుబాసీ. మెలుహ్హా అంటే సింధు నాగరికత ప్రాంతమని ఎక్కువమంది పండితుల మాట. అంటే సింధు జనంతో మాట్లాడి, అటు మాట ఇటు చెప్పిన మనిషి! ఒక్క చిన్న నిఘంటువు రాసిపెట్టి పోకూడదూ? సింధు లిపి చదవలేక ప్రపంచం తల పట్టుకుని కూర్చుంటే ఈయన మనకు మిగిల్చింది విజిటింగ్ కార్డు.

ఇక పండితుల వింతలు. 1869లో జూల్ ఓపేర్ ఈ ప్రాచీన భాషకు సుమేరియన్ అని పేరు పెట్టాడు. "ఠాట్! అలాంటి జాతీ లేదు, భాషా లేదు. అది బాబిలోన్ పూజారుల రహస్య లిపి" అని జోసెఫ్ హలేవీ 1874లో అడ్డం తిరిగాడు. 1877 నుంచి దక్షిణ ఇరాక్‌లో తెల్లో అనే చోట దిబ్బలు తవ్వారు. సుమేరియన్ విగ్రహాలు దొరికాయి, వేలాది పలకలు దొరికాయి. హలేవీ నమ్మాడా? 1917లో కన్నుమూసేదాకా నమ్మలేదు! నలభై మూడేళ్ల పట్టుదల. కుందేటికి మూడే కాళ్లు.

మీకు తెలుసా? 1872లో బ్రిటిష్ మ్యూజియంలో జార్జ్ స్మిత్ ఒక బాబిలోనియన్ పలకలో జలప్రళయ కథ చదివాడు. ఆనందం పట్టలేక గదంతా పరుగులు పెట్టి, చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టి చూస్తుండగా బట్టలు విప్పడం మొదలుపెట్టాడట! ఆర్కిమిడీస్‌కైనా స్నానం చేస్తున్నాడన్న సాకు ఉంది.

సుమేరియన్లు మొదలుపెట్టిన ఈ లిపిలో చివరి పలకలు క్రీ.శ. 75 ప్రాంతానివి, ఖగోళ లెక్కలు. లెక్కలతో మొదలై, మూడు వేల ఏళ్లు దాటాక లెక్కలతోనే సెలవు తీసుకుంది. తర్వాత సుమారు పద్దెనిమిది వందల ఏళ్లు ఎవరికీ చదవడం రాలేదు. 2006లో యూనికోడ్‌లో చేరింది కాబట్టి ఇప్పుడు మీ ఫోన్‌లో కుషిమ్ గారికి మెసేజ్ కూడా పెట్టొచ్చు!

బ్రిటిష్ మ్యూజియం ఒక్కదాంట్లోనే ఈ లిపి పలకలు, ముక్కలు కలిపి సుమారు 1,30,000. చదవాల్సినవి బోలెడు, చదవగలిగేవాళ్లు బహు కొద్దిమంది. మీ ఇంట్లో ఉద్యోగం వెతుక్కునే కుర్రాడుంటే చెప్పండి: పోటీ తక్కువ. జీతం బార్లీలో ఇవ్వరని మాత్రం ముందే కనుక్కోమనండి.