పాత యంత్రము - క్రొత్త చిత్రము

ఇంట వివాహమో, సీమంతమో, అన్నప్రాశనమో జరిగినప్పుడు ఆ వేడుకనంతయు వీడియోగా నిలుపుకొనుట యీ కాలమున సర్వసాధారణమైనది. క్రొత్త ఫోనులు 4కె ప్రమాణమున చిత్రమును తీయుచున్నవి. కాని దానిని చూడ మిక్కిలి ముచ్చటపడు అమ్మమ్మలకును తాతయ్యలకును తరచుగా పదేండ్లనాటి ల్యాప్‌టాపో, పెన్‌డ్రైవు తగిలించిన పాత టి.వి.యో మాత్రమే గతి. అచ్చట మాట ముందు వినవచ్చును, పెదవి వెనుక కదలును. తలంబ్రాలు గాలిలోనే నిలిచిపోవును. అంతట ఇంటివారు "ఈ పెట్టె పాడైనది, క్రొత్తది కొనవలసినదే" యని తీర్మానింతురు. ఆ తీర్మానము తొందరపాటని మా యభిప్రాయము. పెక్కు తావుల యంత్రము చెడిపోలేదు. దాని శక్తికి మించిన బరువు దాని నెత్తిన పెట్టబడినది.

వీడియో యనగా సెకనుకు 25, 30 లేక 60 చొప్పున పరుగెత్తు నిశ్చల చిత్రముల వరుస. 1080పి ప్రమాణపు చిత్రములను సెకనుకు 30 చొప్పున ఉన్నవి యున్నట్లు దాచినచో ఒక్క సెకనుకే సుమారు 186 మెగాబైట్లు కావలెను. కావున వానిని మడిచి మూటగట్టుదురు. ఈ మూటగట్టుటయే ఎన్‌కోడింగు. చూచువేళ విప్పుట డీకోడింగు. మడతలు చిక్కనైనకొలది మూట చిన్నదగును, విప్పు శ్రమ పెరుగును.

మూటగట్టు పద్ధతికి కోడెక్ అని పేరు. 2003లో ఏర్పడిన హెచ్.264 నేటికిని మిక్కిలి వ్యాప్తిలో నున్నది. 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి. అంతే నాణ్యమును దాదాపు సగము పరిమాణములో నిముడ్చును గాని, విప్పుటకు శ్రమ హెచ్చు. ఒక కోడెక్‌ను విప్పుటకు ప్రత్యేకమైన భాగము యంత్రములోనే యున్నచో చిత్రము సునాయాసముగ సాగును; లేనిచో భారమంతయు ప్రధాన ప్రాసెసరుపై పడి చిత్రము తడబడును. ఇంటెల్ ప్రాసెసర్లలో హెచ్.ఇ.వి.సి.ని పూర్తిగా విప్పు భాగము 2015లో వెలువడిన ఆరవ తరముతోనే వచ్చినది. అంతకు ముందటి ల్యాప్‌టాపులకు హెచ్.264 సులువు, హెచ్.ఇ.వి.సి. కష్టము. రాస్బెర్రీ పై 3 యను చిన్న కంప్యూటరు సంగతియు నిట్టిదే.

దీనికి ఉపాయము సులభము. హ్యాండ్‌బ్రేక్ అను ఉచిత సాధనముతో మూలమునుండి తేలికయైన మరియొక ప్రతిని తయారుచేసికొనవచ్చును. అందు గమనింపదగినవి యివి.

మొదటిది కోడెక్. హెచ్.264ను, అందును 8 బిట్ల రకమునే యెన్నుకొనవలెను. 10 బిట్ల హెచ్.264ను విప్పు ప్రత్యేక భాగము పెక్కు యంత్రములలో లేదు.

రెండవది చిత్రపు కొలత. 4కె చిత్రమొక్కటికి 82,94,400 చుక్కలు, 1080పికి 20,73,600, 720పికి 9,21,600. అనగా 4కె నుండి 720పికి దిగినచో చుక్కలు తొమ్మిదవ వంతగును. చిన్న తెరపై ఈ భేదము వృద్ధుల కంటికి అంతగా తెలియదు.

మూడవది వేగము. సెకనుకు 60 చిత్రములున్నచో 30కి, 50 యున్నచో 25కు తగ్గించినచో శ్రమ సుమారు సగమగును. 25 ఉన్నదానిని 30 చేయరాదు. కదలిక కుదుపుగా కనబడును.

నాలుగవది నాణ్యపు అంకె. 720పికి 19 మొదలు 23 వరకు తగినది. ఇచ్చట అంకె తగ్గినకొలది నాణ్యమును, ఫైలు పరిమాణమును పెరుగును.

ఇంతచేసినను తడబాటు మానకున్న, ట్యూన్ అనుచోట నుండు ఫాస్ట్ డీకోడ్ అను ఏర్పాటును ఎన్నుకొనవచ్చును. అది చిక్కుమడతలు కొన్నిటిని మానివేయును. ఫైలు కొంత పెరుగును. దీనిని కడపటి ఉపాయముగా నుంచుకొనుట మేలు.

పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో నున్నచో 4 గిగాబైట్లకు మించిన ఒకే ఫైలు అందు పట్టదు. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున గంట చిత్రమునకు 2.25 గిగాబైట్లగునని లెక్కించి, పెండ్లి వీడియోను భాగములుగా విభజించుట మంచిది.

పని యంతయు ముగించిన పిదప పరీక్షించుటకంటె ముందు ఒక్క నిమిషపు భాగమును చేసి చూడవలెను. వధూవరులు కదలక కూర్చున్న ఘట్టము పరీక్షకు పనికిరాదు. తలంబ్రాలు పోయు ఘట్టమో, ఊరేగింపులో బాణసంచా కాల్చు ఘట్టమో తగును. అది సాఫీగా సాగినచో తక్కినది తప్పక సాగును. పరీక్షయు చూడబోవు యంత్రముననే జరుగవలెను గాని, తయారుచేసిన యంత్రమున కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. తేలిక ప్రతి సిద్ధమైనదని మూలమును చెరిపివేయరాదు. మూటగట్టుటలో పోయిన వివరము మరల రాదు. 720పి ప్రతినుండి 4కె చిత్రమును తిరిగి పొందు విద్య లేదు. ఆ వేడుకనాడు నవ్విన పెద్దలలో కొందరు పదేండ్ల తరువాత ఆ చిత్రమున మాత్రమే కనబడుదురు. కావున మూలమును రెండు వేర్వేరు డిస్కులలో భద్రపరచి, తేలిక ప్రతిని పెద్దల చేతికిచ్చుట వివేకము. వారికి కావలసినది చుక్కల లెక్క కాదు. మనుమరాలి నవ్వు నడుమ ఆగకుండ సాగుటయే.