గుప్పెడు పొడి, గుప్పున మంట

మొహర్రానికి వారం ముందు, మా బడిలో చదివి వెళ్ళిన ఒక అబ్బాయి ఇంటికొచ్చాడు. పాల్వంచ దాటాక అడవి అంచున ఉండే ఊరు వాళ్ళది. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో లేత పసుపు రంగు పొడి. వేళ్ళ మధ్య పెట్టి చూస్తే ముఖానికి రాసుకునే పౌడరు కంటే మెత్తగా జారిపోతోంది.

"సార్, ఈసారి నోట్లో కిరసనాయిలు పోసుకునే పనే లేదు. ఈ పొడి కాగడా మీద చల్లితే మనిషెత్తు మంట లేస్తదంట. ఫోన్లో చూసి తెప్పించిన. చెట్టు పొడే గద సార్, ఏం కాదు గద?" అన్నాడు.

ఏం కాదని అనలేను. పారెయ్‌రా అని పంపించనూ లేను. పారెయ్ అంటే మళ్ళీ కిరసనాయిలు సీసా పడతాడని నాకు తెలుసు. ఆ సాయంత్రం వాడిని కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. దాతలైన మీకు ఎందుకు చెప్పడమంటే, ఈ కుర్రాళ్ళ జట్లకు డప్పుల ఖర్చు ఇచ్చేదీ, పెద్ద మంట వేసినవాడి చొక్కాకు నోటు గుచ్చేదీ మనమే.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, భద్రాచలం దాకా అడవి వెంట ఉన్న ఊళ్ళలో పీర్ల పండగ మనొక్కరిదే కాదు. అలావా గుండానికి కట్టెలు మోసుకొచ్చేవారిలో, పీర్ల ముందు మొక్కు తీర్చుకునేవారిలో అన్ని కులాలవారూ ఉంటారు. ఆ రాత్రి కర్రసాము, కత్తిసాముతో పాటు నిప్పుతో ఆటలు కూడా ఆడతారు. ఉర్సు సందల్ ఊరేగింపుల్లో, పెళ్ళి బరాత్‌లలో కూడా ఇప్పుడవి వచ్చేశాయి. ఇవి దీన్‌లో ఉన్నాయా లేవా అన్న చర్చ ఆలిములది. నేను బడిపంతుల్ని. పిల్లలు ఆడుతున్నారు, కాలుతున్నారు, నా చింత అంతవరకే.

కొన్నేళ్ళ క్రితం పదో తరగతి పిల్లవాడొకడు కిరసనాయిలు ఊదుతుంటే గాలి ఎదురు తిరిగింది. గడ్డం, మెడ, ఒక చెవి కాలాయి. ఆ ఏడు పరీక్ష రాయలేదు, తర్వాత బడికే రాలేదు. పైకి కనిపించేది కాలిన చర్మమే గానీ, నోట్లోని చమురు కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారినా ప్రమాదమే. అది లోపల పల్చగా పాకి వాపు తెస్తుంది. నిప్పు మింగేవాళ్ళ న్యుమోనియా అని వైద్యులు దానికి పేరే పెట్టారు. కిరసనాయిలు దొరక్క డీజిలు వాడేవాళ్ళనూ చూశాను. ఏదైనా నోట్లో పోసుకుని ఊదడం అసలు వద్దు.

మన పెద్దలకు నోటితో పని లేని దారి ఒకటి తెలుసు. వీధి భాగవతాల్లో ముఖ్యమైన పాత్ర తెరమీదికి వచ్చేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు, గుప్పున మంట లేచేది. కేరళలో ముడియేట్టు ఆటలో ఇప్పటికీ కాగడాల మీద అలాంటి బంక పొడే చల్లుతారు. గుగ్గిలం చెట్టు బంక. దానితో ఒక చిక్కుంది. వేడికి కరుగుతుంది, కరిగింది చర్మానికి అతుక్కుని మండుతూనే ఉంటుంది.

అబ్బాయి తెచ్చిన పొడి వేరు. అది లైకోపోడియం. హోమియో మందులు వాడేవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. నేల మీద పాకే చిన్న మొక్క, ఫెర్న్‌లకు దూరపు చుట్టం, పూలూ గింజలూ ఉండవు. ఆ పసుపు పొడి దాని సిద్ధబీజాలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు ఉంటుంది, లోపల నూనె దండిగా ఉంటుంది. ఒకప్పుడు మందు బిళ్ళలు ఒకదానికొకటి అంటుకోకుండా దీన్ని పూసేవారు, నాటకాల్లో మెరుపు పుట్టించడానికి వాడేవారు. 1807లో ఫ్రాన్సులో నియెప్స్ సోదరులు ఈ పొడిని మండించే యంత్రం చేసి నదిలో పడవ నడిపించారు. ఆ ఇద్దరిలో ఒకరు తర్వాత ఫొటోగ్రఫీకి ఆద్యుడయ్యాడు. ఇంజనును నడిపిన పొడిని మనం ఆటవస్తువు అనుకుంటున్నాం.

ఈ పొడిని కుప్పగా పోసి అగ్గిపుల్ల పెడితే సులువుగా అంటుకోదు. మోసం చేసేది ఇదే. అంటుకోదని ధీమా వస్తుంది. అదే పొడి గాలిలో లేస్తే ఒక్క క్షణంలో మొత్తం మండిపోతుంది. లెక్క చెబితే పిల్లలకు అర్థమవుతుంది. ఒక సెంటీమీటరు ఘనం తీసుకోండి, దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే ఈ సిద్ధబీజాలంత ముక్కలుగా కోస్తే ఉపరితలం దాదాపు 2000 చదరపు సెంటీమీటర్లు, అంటే మూడు ఏ4 కాగితాలంత. అంత మేరా గాలి తగులుతుంది, అంత మేరా ఒకేసారి మండుతుంది. మొద్దు కన్నా పుల్ల, పుల్ల కన్నా పొట్టు త్వరగా కాలడం పొయ్యి దగ్గర చూస్తూనే ఉంటాం. ఇది ఆ వరసలో చివరిది.

కాబట్టి "చెట్టు పొడే గదా" అన్న మాటకు అర్థం లేదు. 2015 జూన్ 27న తైవాన్‌లో ఒక వినోద పార్కులో కుర్రకారు మీద రంగు కలిపిన మొక్కజొన్న పిండి చల్లారు. ఆ పిండి అంటుకుని 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది కాలిపోయారు. అది వంటింట్లో వాడే పిండే. బడి వార్షికోత్సవాల్లో, బరాత్‌లలో రంగు పొడి గొట్టాలు పేల్చే అలవాటు మన దగ్గరకూ వచ్చింది కనుక ఇది గుర్తుంచుకోవాలి. మనలో కారం మిల్లులు, పిండి గిర్నీలు నడిపేవారూ ఉన్నారు. దూలాల మీద పేరుకున్న ధూళిని ఊడవనివ్వకుండా పక్కనే వెల్డింగు చేయించేవారికి కూడా ఇదే చెబుతాను.

అబ్బాయికి ఇంకొకటి చేసి చూపించాను. గిన్నెలో నీళ్ళు పోసి పైన ఈ పొడి చల్లి, వేలు ముంచమన్నాను. తీస్తే వేలు పొడిగా ఉంది. నూనె ఉన్న పొడి కాబట్టి నీటిని దగ్గరికి రానివ్వదు. వాడు నవ్వాడు. "మరి ఈ పొడి కుప్పకు నిప్పంటుకుంటే బకెట్టు నీళ్ళు కొడతావా?" అని అడిగితే ఆలోచనలో పడ్డాడు. కొట్టకూడదు. నీళ్ళ దెబ్బకు పొడి తడవదు, గాలిలోకి లేస్తుంది, లేచిందంతా మండుతుంది. తడి గోనెసంచి నెమ్మదిగా కప్పాలి.

వాడికి పెట్టిన షరతులు ఇవి. డబ్బా మూత ఎప్పుడూ బిగించి ఉండాలి, కాగడాకు పది అడుగులు ఎడంగా ఇంకొకరి చేతిలో ఉండాలి. ఆటగాడి దగ్గర ఒక్కసారికి ఒక్క చెంచానే. షామియానా కింద, పందిట్లో, చావడి లోపల ససేమిరా కాదు. గాలి వీపుకు తగిలేలా నిలబడి, చేయి చాచి పైకి, దూరంగా చల్లాలి. జనం వైపు చల్లకూడదు. నూలు బట్టలే, నైలాన్ జెర్సీలు వద్దు, అవి కరిగి ఒంటికి అతుక్కుంటాయి. బట్టల మీద పడ్డ పొడిని మళ్ళీ కాగడా పట్టేముందు దూరంగా వెళ్ళి దులుపుకోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఆయాసం ఉన్నవాళ్ళు దీని జోలికే పోకూడదు. ఇందులో పటాకుల మందు, అల్యూమినియం పొడి కలిపితే ఇంకా బాగుంటుందని ఎవడైనా చెబితే వాడిని జట్టులోంచి తీసెయ్యాలి.

అడవి అంచు ఊళ్ళకు ఇంకో కారణం కూడా ఉంది. 2025లో ఆషూరా జూలై 6న వచ్చింది, వానలు మొదలైన కాలం. చాంద్రమాన లెక్కలో అది ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, 2029, 2030 నాటికి మే నెలలోకి వస్తుంది. అంటే తునికాకు సేకరణ కాలం, టేకు ఆకు ఎండి గలగలలాడే కాలం. అప్పుడు ఊరి చివర లేచిన నిప్పురవ్వకు గుడిసె కప్పూ, అడవీ రెండూ దగ్గరే.

అన్నీ చూసుకున్నా కాలితే ఏం చేయాలో కూడా చెప్పాను. మంట అంటుకున్నవాడు పరుగెత్తకూడదు, నేల మీద దొర్లాలి. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్ళు ధారగా పోయాలి. ఐసు వద్దు. టూత్‌పేస్టు, పసుపు, ఇంకు, గుడ్డుసొన ఏవీ వద్దు. వాపు రాకముందే ఉంగరం, తాయెత్తు దారం తీసెయ్యాలి. అంటుకుపోయిన బట్టను పీకకుండా శుభ్రమైన నూలు గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయాలి. భద్రాచలం నుంచి హైదరాబాదు 300 కిలోమీటర్ల పైనే. ఆ మొదటి ఇరవై నిమిషాల్లో మన చేతిలో ఉన్న వైద్యం నీళ్ళే.

ఈ ఏడు మీరు ఏ జట్టుకైనా డబ్బు ఇచ్చేటప్పుడు రెండు తడి గోనెలు, నాలుగు ఇసుక బకెట్లు, నీళ్ళ డ్రమ్ము ఉన్నాయా అని అడిగి ఇవ్వండి. అవి లేకపోతే ముందు వాటికే ఇవ్వండి. మంట ఎత్తును చూసి నోటు గుచ్చడం మాత్రం మానండి. మనం గుచ్చిన ప్రతి నోటుకూ పక్కవాడు ఇంకో చెంచా పొడి పెంచుతాడు.

ఆ అబ్బాయి పండగ రాత్రి ఐదుసార్లే చల్లాడు. తడి గోనె పట్టుకుని వాళ్ళ అబ్బా పక్కనే నిలబడ్డారు. మిగిలిన సగం డబ్బా నాకు తెచ్చిచ్చాడు. మా బడి సైన్సు బీరువాలో తాళం వేసి పెట్టాను, ఏడో తరగతి పిల్లలకు వేలు తడవని ప్రయోగం చూపించడానికి పనికొస్తోంది.