భయపడితే విశ్వాసం పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టూ షాపూర్‌నగర్, సుభాష్‌నగర్, సూరారం వీధుల్లో బతుకంతా షిఫ్టుల లెక్క మీదే నడుస్తుంది. కాంట్రాక్టు వచ్చే నెల ఉంటుందా, అద్దె, పిల్లల ఫీజు ఎట్లా అన్న దిగులు చాలా ఇళ్లలో ఉన్నదే. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ పరిశ్రమలో జరిగిన పేలుడు పదుల ప్రాణాలు తీశాక, రియాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్ల ఇళ్లలో ఆ దిగులు ఇంకాస్త బరువెక్కింది. అలాంటి మనిషి సంఘంలో నోరు విప్పితే, "ప్రార్థన చేసుకునే దానివి, నీకు భయమేంటమ్మా?" అనే మాట ఎదురవుతుంది. ప్రేమతో అన్నా ఆ మాట గాయం చేస్తుంది. దాని వెనకున్న అపోహలను వాక్యం వెలుగులోనే చూద్దాం.

అపోహ: నిజమైన విశ్వాసికి ఆందోళన రాదు.

వాస్తవం: గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తీవ్రమైన వేదన పడ్డాడు. ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడిందని లూకా రాశాడు. 150 కీర్తనల్లో ఇంచుమించు మూడోవంతు మొరలే. 88వ కీర్తనైతే చీకటి మాటతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా కనిపించదు. అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసేయలేదు. విశ్వాసం కేంద్రంగా బతకడమంటే భయమే లేకపోవడం కాదు, ఆ భయాన్ని దాచకుండా దేవుడి దగ్గరికి తీసుకెళ్లడం.

అపోహ: "భయపడకుము" అన్న మాట బైబిల్లో 365 సార్లు ఉంది, రోజుకొకటి చొప్పున.

వాస్తవం: వినడానికి బాగుంటుంది గానీ, లెక్కపెడితే అన్నిసార్లు కనిపించదు. అనువాదాన్ని బట్టి అంకె మారినా 365 కంటే చాలా తక్కువే. ఆ మాటకు అంకె బలం అక్కర్లేదు. చాలాచోట్ల ఆ మాట వెంటే "నేను నీకు తోడైయున్నాను" అనే అర్థం వస్తుంది. అది భయపడ్డవాణ్ణి మందలించడం కాదు, పక్కన నిలబడి ధైర్యం చెప్పడం.

అపోహ: మనం మోయలేని బరువు దేవుడు పెట్టడు.

వాస్తవం: దీనికి ఆధారంగా చూపించే మాట కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో ఉంది. అక్కడ సంగతి శోధన గురించి, అంటే పాపంలోకి లాగే ప్రేరేపణ గురించి. రెండో పత్రిక మొదటి అధ్యాయంలో అదే పౌలు, ఆసియాలో తమ శక్తికి మించిన బరువు పడిందనీ బతుకు మీద ఆశ వదులుకున్నామనీ దాచకుండా రాశాడు. "మోయలేకపోతున్నా" అని చెప్పేవాళ్లకు ఆ అపోహను అప్పజెప్పకండి. బరువుకు ఒక చెయ్యి వేయండి.

అపోహ: దేవుడు కాపాడతాడు, జాగ్రత్తలెందుకు?

వాస్తవం: దేవదూతలు కాపాడతారన్న 91వ కీర్తన మాటలు చెప్పి యేసును దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్నది సాతాను. ప్రభువును శోధించకూడదంటూ ఆయన ఒప్పుకోలేదు. యెరూషలేము గోడ కట్టేటప్పుడు నెహెమ్యా ప్రార్థనా చేశాడు, రాత్రింబవళ్లు కాపలా కూడా పెట్టాడు. కాబట్టి మాస్కు, గ్లౌజులు, హెల్మెట్ పెట్టుకోవడం, గ్యాస్ వాసన వస్తే వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పడం విశ్వాసానికి వ్యతిరేకం కాదు. దేవుడిచ్చిన ప్రాణానికి అది గౌరవం.

అపోహ: డాక్టర్ దగ్గరికెళ్తే విశ్వాసం చాలనట్టు.

వాస్తవం: ఏలీయా బదరీవృక్షం కింద కూలబడి చచ్చిపోవాలని కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం మొదలుపెట్టలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్లు పెట్టాడు. పౌలు వెంట ప్రియమైన వైద్యుడైన లూకా ఉన్నాడు. ఎందరో తెలుగువాళ్లు వెళ్లే వెల్లూరు సీఎంసీ, 1900లో ఐడా స్కడర్ అనే మిషనరీ మొదలుపెట్టిన వైద్యసేవలోంచి పుట్టింది. అక్కడ మానసిక వైద్యమూ ఉంది. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, పని మీద మనసు నిలవకపోయినా వైద్యుణ్ణి కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నైట్ షిఫ్టు చేసి వచ్చిన ఒంటికి ఆల్‌నైట్ ప్రార్థన కంటే ముందు నిద్ర కావాల్సి వస్తుంది. ఏలీయాకు దేవుడు ముందు ఇచ్చింది అదే.

అపోహ: కష్టకాలంలో కానుక పెంచితే కష్టం తీరుతుంది.

వాస్తవం: షాపూర్‌నగర్ మీదుగా పోయే నర్సాపూర్ రోడ్డు పట్టుకుని ముందుకెళ్తే మెదక్ వస్తుంది. కరువు కాలంలో అక్కడ చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆకలిగొన్నవాళ్లకు పని చూపించి తిండి పెట్టడానికి గుడి కట్టడం మొదలుపెట్టారు. పదేళ్ల పని తర్వాత 1924 డిసెంబర్ 25న ఆ కెథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ఆ కష్టకాలంలో అన్నం సంఘం దగ్గర నుంచి ఆకలిగొన్న ఇంటికి నడిచింది. కానుక ప్రేమతో ఇచ్చేది. అప్పు చేసి ఇచ్చి దేవుడితో బేరం కుదుర్చుకునేది కాదు.

అపోహ: బాధ నాకూ దేవుడికీ మధ్యే ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు.

వాస్తవం: గెత్సేమనేలో యేసు తండ్రితో ఒంటరిగా మాట్లాడాడు. అంతకుముందు ముగ్గురు శిష్యులతో, తన ప్రాణం దుఃఖంలో మునిగిందనీ తనతో మెలకువగా ఉండమనీ చెప్పాడు. వాళ్లు నిద్రపోయారు. మన సంఘం నిద్రపోకూడదు. ఈ వారం గృహకూడికలో ఎవరైనా "భయమేస్తోంది" అంటే వాక్యం చెప్పే తొందర వద్దు. కాసేపు వాళ్ల పక్కన కూర్చోండి. భయపడుతున్నది మీరే అయితే, "కాసేపు నాతో కూర్చుంటారా?" అని అడగండి. ప్రభువు కూడా ఆ రాత్రి అదే అడిగాడు.