తక్కువ ఆవర్ధనం, ఎక్కువ ఆకాశం

బీజింగ్‌లో 1915లో పుట్టిన జాన్ డాబ్సన్ 1944 నుంచి 1967 దాకా శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సంఘానికి చెందిన మఠాల్లో సన్యాసి. పనికిరాని సామాను పోగుచేసి టెలిస్కోపులు తయారుచేయడం ఆయన ఆ రోజుల్లోనే మొదలుపెట్టాడు. మఠం విడిచాక, 1968లో సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ అనే సంఘం ప్రారంభకులలో ఒకడై, వీధి మూలల్లో టెలిస్కోపు నిలబెట్టి దారిన పోయేవారిని పిలిచి ఆకాశాన్ని చూపించేవాడు. చెక్కపీఠం మీద చేత్తో తిప్పుకొనే ఆ న్యూటోనియన్ టెలిస్కోపును ఇప్పుడు డాబ్సోనియన్ అంటున్నారు. అమెరికాలో కొత్తగా ఆకాశం చూడదలచిన కుటుంబాలకు అనుభవజ్ఞులు తరచు సూచించేది ఇదే రకం: 8 అంగుళాల అద్దం, సుమారు 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం.

అట్లా కొన్న టెలిస్కోపులలో చాలా వాటిది కొన్నాళ్ళ ముచ్చటే. తరువాత అవి గరాజ్‌లో మూలకు చేరతాయి. దోషం తరచు టెలిస్కోపుది కాదు, మొదటి రాత్రి అందులో పెట్టిన ఐపీసుది. ఎక్కువ పెద్దదిగా చూపేదే మంచిదన్న నమ్మకంతో 10 మిల్లీమీటర్ల ఐపీసు పెడితే ఆవర్ధనం 120 రెట్లు. సాధారణమైన 50 డిగ్రీల ఐపీసులో అప్పుడు కనిపించే ఆకాశం డిగ్రీలో సగమైనా ఉండదు, పూర్ణచంద్రుడు కూడా పట్టడు. భూభ్రమణం వల్ల నక్షత్రం వంద సెకన్లలో ఆ గవాక్షాన్ని దాటిపోతుంది. వెతికినది దొరకదు, దొరికినది నిలవదు. కనుక టెలిస్కోపుకు మొదట కావలసినది తక్కువ ఆవర్ధనపు ఐపీసు. దాని ఎంపికకు మూడు హద్దులున్నాయి: కన్ను, గొట్టం, ఆకాశం.

మొదటిది కన్ను. ఐపీసు నుంచి వెలువడే కాంతిపుంజం వ్యాసాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ఐపీసు నాభ్యంతరాన్ని టెలిస్కోపు ఎఫ్-నిష్పత్తితో భాగిస్తే అది వస్తుంది. పైన చెప్పిన డాబ్సోనియన్‌ది సుమారు ఎఫ్/6, కాబట్టి 30 మిల్లీమీటర్ల ఐపీసుతో 5 మిల్లీమీటర్ల పుంజం, 40తో 6.7 మిల్లీమీటర్లు. చీకటిలో కనుపాప యౌవనంలో 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకొంటుంది. యాభై ఏళ్ళు వచ్చేసరికి చాలామందిలో అది 5 దగ్గర ఆగిపోతుంది. కనుపాప 5, పుంజం 6.7 అయితే అంచుల్లోని వెలుగు కంటిలోకి పోదు. అద్దం సేకరించిన కాంతిలో 56 శాతమే చేరుతుంది, అంటే 8 అంగుళాల టెలిస్కోపు 6 అంగుళాలదిగా పనిచేస్తుంది. పిల్లవాడికి సరిపోయే ఐపీసు తండ్రికి సరిపోకపోవడం ఇందువల్లనే.

కంటికి సంబంధించి మరొక మాట. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి వెడల్పైన పుంజంలో నక్షత్రాలు ముళ్ళు మొలిచినట్లు కనిపిస్తాయి. వారు కళ్ళద్దాలతోనే చూడాలి. అందుకు ఐపీసుకూ కంటికీ మధ్య 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఎడం ఉండగా దృశ్యమంతా కనబడాలి. కొనేముందు విచారించవలసిన అంకెల్లో ఇదొకటి.

రెండవది గొట్టం. ఐపీసులు 1.25 అంగుళాలు, 2 అంగుళాలు అనే రెండు వ్యాసాలలో దొరుకుతాయి. మొదటి రకం గొట్టంలో పట్టగల దృశ్యవలయం సుమారు 27 మిల్లీమీటర్లు, రెండవదానిలో 46. ఆ కొలతను టెలిస్కోపు నాభ్యంతరంతో భాగించి 57.3తో గుణిస్తే కనిపించే ఆకాశం డిగ్రీలలో తెలుస్తుంది. 1200 మిల్లీమీటర్ల టెలిస్కోపులో చిన్న గొట్టం హద్దు 1.3 డిగ్రీలు, పెద్దదాని హద్దు 2.2. వియన్నాకు చెందిన ప్లోసెల్ 1860లో రూపొందించిన అమరికతో నేటికీ చౌకగా దొరికే 32 మిల్లీమీటర్ల ఐపీసు చిన్న గొట్టం హద్దును పూర్తిగా వాడుకొంటుంది. అదే గొట్టంలో 40 మిల్లీమీటర్లది కొంటే ఆకాశం ఏమాత్రం పెరగదు, అంతే ఆకాశం మరింత చిన్నదిగా కనిపిస్తుంది. కొత్తవారు డబ్బు వృథా చేసుకొనే చోటు ఇదే.

పెద్ద గొట్టానికి తగిన విశాలదృశ్యపు ఐపీసులకు కొత్త ఒరవడి అమెరికాలోనే వచ్చింది. అపోలో వ్యోమగాములు చంద్రునిపై దిగడం అభ్యసించిన సిమ్యులేటర్ల దృశ్యవ్యవస్థపై పనిచేసిన ఆల్ నాగ్లర్, 1977లో న్యూయార్క్ రాష్ట్రంలో టెలివ్యూ సంస్థను స్థాపించి, కొద్దికాలంలోనే 82 డిగ్రీల దృశ్యమిచ్చే ఐపీసును తెచ్చాడు. నౌక కిటికీలోంచి చూస్తున్న అనుభూతిని అది ఇంటి పెరటిలోకి తెచ్చింది. అయితే ఇటువంటివి బరువైనవి, ఖరీదైనవి. అరకిలో బరువున్న ఐపీసు పెడితే తేలికగా తిరిగే డాబ్సోనియన్ ముక్కు కిందకు వాలుతుంది, వెనుక ప్రతిభారం కట్టవలసి వస్తుంది.

మూడవది ఆకాశం. పుంజం వెడల్పైన కొద్దీ ఆకాశపు నేపథ్యం కూడా వెలుగుతుంది. ఎడిసన్‌లోనో ఫ్రీమాంట్‌లోనో వీధిదీపాల వెలుగు నిండిన ఆకాశం కింద 6 మిల్లీమీటర్ల పుంజం చూపేది బూడిదరంగు తెరను. పుంజాన్ని 6 నుంచి 4కు తగ్గిస్తే నేపథ్యపు వెలుగు సగానికన్నా తగ్గుతుంది. నక్షత్రాలు బిందువులు కనుక వాటి కాంతి తగ్గదు, నల్లబడిన తెరపై మరింత తేటగా నిలుస్తాయి. పెన్సిల్వేనియాలోని చెర్రీ స్ప్రింగ్స్ వంటి చీకటి తావులకు వెళ్ళినప్పుడు మాత్రమే వెడల్పైన పుంజం తన విలువ చూపుతుంది. జాన్ బోర్టల్ 2001లో ఆకాశపు చీకటిని తొమ్మిది తరగతులుగా విభజించాడు. తన ఇల్లు ఏ తరగతిలో ఉందో తెలుసుకొన్నాకే ఐపీసు వెతకడం మేలు.

ఈ మూడింటినీ కలిపితే లెక్క సులభమే. కావలసిన పుంజాన్ని ఎఫ్-నిష్పత్తితో గుణిస్తే ఐపీసు నాభ్యంతరం వస్తుంది. నగరంలో ఉండే నడివయసు వారికి ఎఫ్/6 టెలిస్కోపుపై 4 మిల్లీమీటర్ల పుంజానికి 24 లేక 25 సరిపోతుంది. చీకటి తావులకు తరచు వెళ్ళేవారికి 2 అంగుళాల గొట్టంలో 30 మంచి ఎంపిక. ఎఫ్/10 ష్మిట్-కాసెగ్రెయిన్ టెలిస్కోపు ఉన్నవారికి 40 కూడా 4 మిల్లీమీటర్ల పుంజాన్నే ఇస్తుంది, కనుక ఒకరి ఐపీసు మరొకరికి ప్రమాణం కాదు.

ఏ ఐపీసుకూ లొంగనివి కొన్ని ఉన్నాయి. ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీల పొడవు, దాన్ని మొత్తంగా చూడాలంటే 10×50 బైనాక్యులర్లే దిక్కు. కాని మన పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకొన్న కృత్తికలకు 30 మిల్లీమీటర్ల ఐపీసు ఇచ్చే 1.7 డిగ్రీలు చాలు, ప్రధాన నక్షత్రాలన్నీ ఒకే వలయంలో ఇముడుతాయి. అదే గుంపును 120 రెట్లలో చూస్తే అందులో కొంత భాగమే మిగులుతుంది. కోడి కనిపించాలంటే పిల్లలతో సహా కనిపించాలి.